నాకు తెలియదక్కా, మొదటి నుంచి చెప్పండి

ఈ కౌన్సెలింగ్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతారు, మిక్చరు తింటారు, కాసేపు మొహమాటపడతారు. వెళ్లేముందు దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు. "మేడం, ఇన్నేళ్ల సర్వీసులో మీకు బాగా గుర్తుండిపోయిన కేసు ఏది?" నేనేదో పోలీసులు, కోర్టులు ఉన్న కేసు చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పేది ఒక జాకెట్లు కుట్టే ఆమె గురించి, ఆమెతో మాట్లాడిన ఒక ట్రైనీ పిల్ల గురించి. అందులో నేను చేసిన పని చాలావరకు మూలన కుర్చీ వేసుకుని కూర్చోవడమే. మిగతాది ఆమె వెంట వచ్చిన మనిషిని కిందికి తీసుకుపోయి టీ తాగించడం.

ఎవరి పేర్లూ రాయను. ఆ కుట్టు ఆమెను అడిగాకే రాస్తున్నాను. "రాస్కో అక్కా. గని నన్ను పొద్దుమూకులు ఏడ్సేదాని లెక్క రాయకు" అంది. ప్రయత్నిస్తాను.

మా సలహా కేంద్రం ఇబ్రహీంపట్నంలో, బస్టాండు దాటాక ఒక ఎరువుల దుకాణం పైన ఉండేది. రెండు గదులు, ఒక వరండా, ఇరుకు మెట్లు. కింద నుంచి పురుగుమందుల వాసన ఎప్పుడూ పైకి వచ్చేది. మా దగ్గరికి వచ్చినవాళ్లు ముందు తుమ్మేవాళ్లు, ఆ తర్వాత ఏడ్చేవాళ్లు. సాగర్ రోడ్డు మీద బస్సు హారన్ కొడితే లోపల మాట అక్కడికక్కడే ఆగిపోయేది.

జనం మమ్మల్ని పంచాయితీ చెప్పేవాళ్లం అనుకునేవారు. తప్పు మొగుడిదా పెళ్లానిదా, అత్తదా కోడలిదా తేల్చి పంపమనేవారు. నేను కూడా చాలాసార్లు తేల్చి పంపేదాన్ని. మాది మహేశ్వరం దగ్గర రైతుల ఇల్లు. మా బాపు ఊళ్లో పెద్దమనిషి. అరుగు మీద ఆయన పంచాయితీలు వింటూ పెరిగినదాన్ని కాబట్టి, ఎదుటివాళ్లు సగం చెప్పేసరికే నా నోట్లో తీర్పు తయారుగా ఉండేది. కోర్సులు చేశాను, శిక్షణలు తీసుకున్నాను, అయినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు.

ఆ పిల్ల ఎండాకాలం మొదట్లో మా దగ్గర ట్రైనీగా చేరింది. గోదావరి వైపు నుంచి వచ్చి నాదర్‌గుల్‌లో ఇల్లు కట్టుకున్న కుటుంబం. సన్నగా, నూనె రాసి అల్లిన జడతో, భుజాన ఒక బరువైన సంచితో వచ్చేది. అందరినీ 'అండి' అనేది. మా ఆయా రెండో రోజే నా దగ్గరికి వచ్చి మొరపెట్టుకుంది. "గీ పిల్ల నన్ను గూడ అండి అంటుందక్కా. చీపురు పట్టుకున్నదాన్ని అండి అంటే నాకు సిగ్గయితుంది. జర చెప్పు."

నేను ఆ పిల్లను కూర్చోబెట్టి నీ పద్ధతి ఏమిటని అడిగాను. 

"ఇంటిగ్రేటివ్ అండి మేడం. పర్సన్ సెంటర్డ్ పునాది" అంది. 

"తెలుగుల చెప్పు బిడ్డా." 

"వచ్చిన మనిషే మధ్యలో ఉంటారండి. వాళ్లకేం కావాలో చివరికి వాళ్లకే తెలుస్తుంది. మనం తీర్పు చెప్పం, తొందరపడి సలహా ఇవ్వం. మనస్ఫూర్తిగా వింటాం. అవసరమైతే మిగతా పద్ధతుల్లోంచి ఒక్కొక్కటి తెచ్చుకుంటాం. ఊపిరి మీద దృష్టి పెట్టించడం, బొమ్మలు గీయించడం, ఖాళీ కుర్చీతో మాట్లాడించడం, అలాంటివి." 

"సలహా ఇయ్యకుంటే మన బోర్డు మీద సలహా కేంద్రం అని ఎందుకున్నది?" 

"ఆ బోర్డు మీరు రాయించిందే కదండీ" అంది నవ్వుతూ. అప్పుడే నచ్చింది నాకు.

నచ్చింది కానీ, మొదటి నెల చూడటానికి నవ్వు వచ్చేది. ఎదుటివాళ్ల మనసులో మాటను మళ్లీ వాళ్లకే వినిపించడం ఆ పద్ధతిలో ఒక భాగం. యాచారం నుంచి ఒక ముసలామె వచ్చి కోడలి మీద అరగంట చెప్పింది. అంతా విని ఈ పిల్ల ఎంతో ప్రేమగా, "అంటే మీకు చాలా కోపంగా ఉందండీ" అంది. ముసలామె నా వైపు తిరిగి, "గదే జెప్తున్న గదా ఇంతసేపు? మల్ల ఈమె నాకెందుకు జెప్తుంది?" అని లేచి వెళ్లిపోయింది. ఇంకొకాయన మాట్లాడి ఆగితే ఈ పిల్ల కూడా మౌనంగా ఉంది. మౌనం కూడా పద్ధతే. ఆయన కాసేపు చూసి, "నిద్రొస్తున్నదా బిడ్డా?" అని అడిగాడు. ఆ పిల్లకు మౌనం కష్టం కాదు. వాళ్ల ఇంటి మీదుగా రోజంతా చిన్న చిన్న శిక్షణ విమానాలు తిరుగుతాయి. చప్పుడు పోయేదాకా మాట ఆపుకుని కూర్చోవడం చిన్నప్పటి నుంచి అలవాటట.

ఇంకో చిక్కు కూడా ఉంది. మా ప్రాంతంలో వ్యక్తి ఒక్కరే రారు. అన్న, వదిన, మేనమామ, పక్కింటామె, ఒక్కోసారి ఊరి సర్పంచి కూడా కలిసి వస్తారు. మధ్యలో ఎవరిని కూర్చోబెట్టాలో ఆ పిల్లకు మొదట్లో అర్థమయ్యేది కాదు. అక్కడ నా పాత అనుభవం పనికొచ్చింది. చుట్టాలను మెట్లు దింపి, ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చోబెట్టి, వానల గురించి, ప్లాట్ల ధరల గురించి మాట్లాడించేదాన్ని. పైన ఆ పిల్ల మిగిలిన మనిషితో మాట్లాడేది.

జాకెట్లు కుట్టే ఆమెను వాళ్ల అన్న తీసుకొచ్చాడు. ఆయన పెద్ద ఒళ్లు, తెల్ల బట్టలు, గట్టి గొంతు ఉన్న రైతు. ఆమెకు నలభై దాటి ఉంటాయి. భర్త కరెంటు పనులు చేసేవాడు, జబ్బుచేసి పోయి ఏడాది దాటింది. పిల్లలు లేరు. మన్నెగూడలో ఒక షట్టరు కిరాయికి తీసుకుని జాకెట్లు కుడుతుంది. ఆ చుట్టుపక్కల కొత్త కాలనీల ఆడవాళ్లంతా ఆమె దగ్గరికే వచ్చేవారు. కొన్ని నెలలుగా కుడిచేయి వణుకుతోంది. రొట్టె చేస్తే వణకదు, బిందె ఎత్తితే వణకదు. బట్ట మీద కత్తెర పెట్టగానే వణుకుతుంది. ఎవరిదో పెళ్లి పట్టుచీర జాకెట్టు ముక్క పాడైపోయింది. దవాఖానలో అన్ని పరీక్షలూ చేసి నరాల్లో ఏమీ లేదని మా దగ్గరికి పంపారు.

ఆ పిల్ల ఆమెను ఏం అడిగినా అన్నే జవాబు చెబుతున్నాడు. "నిద్ర పడుతోందా అక్కా?" అంటే, "పడ్తలేదు" అని అన్న. "ఆకలి వేస్తోందా?" అంటే, "ఏడిది, రెండు ముద్దలు" అని అన్న. నేను లేచి, "అన్నా, జర చాయ్ తాగొద్దాం రా" అన్నాను. హోటల్లో ఆయన గ్లాసు చేతిలో పట్టుకునే కూర్చున్నాడు, తాగలేదు. "శ్రావణం దాక సూస్తనమ్మా. తగ్గకుంటే షట్టర్ ఖాళీ జేయించి మా ఇంటికి తోల్కపోత. మా ఇంట్ల గింత మంది తింటరు, నా చెల్లె నాకు బరువా?" అన్నాడు. అలాంటి అన్న ఎవరికి దొరుకుతాడని నాకు ముచ్చటేసింది.

పైకి వచ్చాక ఆ పిల్ల, ఆమె అనుమతి తీసుకునే, ఆమె చెప్పిన మాట నాకు చెప్పింది. "అన్న మంచోడు బిడ్డా. గని మిషన్ అమ్మి ఆయనింట్ల మూలకు కూసునుడు నాతోని గాదు. నా చెయ్యి బాగుచెయ్యి, గంతే." ఆ మాట తర్వాత మా ఇద్దరికీ ఒక గడువు వచ్చిపడింది. శ్రావణం లోపల ఆ చేయి కత్తెర పట్టుకోవాలి, లేకపోతే ఆమె తన బతుకుకు తాళం వేసి అన్న ఇంటికి వెళ్లాలి.

వారానికి ఒకసారి వచ్చేది. ఇలా వారం వారం సాగే కేసుల్లో ట్రైనీ పక్కన సీనియర్ ఉండాలని నియమం, ఆమె కూడా ఒప్పుకుంది, అందుకే నేను మూలన కూర్చునేదాన్ని. ఆ పిల్ల తన సంచిలోంచి ఒక్కో పద్ధతీ బయటికి తీసింది. ఊపిరి పాఠం చెబితే ఆమె కళ్లు మూసుకుని చక్కగా నిద్రపోయింది. మనసులో ఉన్నది గీయమంటే మెడ డిజైన్లు గీసింది, కుండ మెడ, పడవ మెడ, వెనక తాళ్లది. ఆ పిల్ల అవి చూసి నిజంగానే మురిసిపోయింది. ఒక రోజు ఖాళీ కుర్చీ ముందు పెట్టి, అందులో మీ ఆయన ఉన్నారనుకుని మాట్లాడమంది. ఆమె కుర్చీ వైపు చూసింది, ఆ పిల్ల వైపు చూసింది. "ఉన్నప్పుడే ఆయనతోని ఎక్కువ మాట్లాడలే బిడ్డా. ఇప్పుడు కుర్చీతోని ఏం మాట్లాడుత?" ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ పిల్ల కుర్చీ తీసి గోడకు ఆనించింది. పద్ధతి ఎక్కనందుకు మొహం మాడ్చుకోకపోవడం ఆ పిల్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గుణం.

అలా నవ్వుకున్న రోజే ఆమె నోటి నుంచి ఒక మాట జారింది. "నా మేనకోడలికి ఒడి బియ్యం పోసిన నాటి సంది గిట్ల అయింది."

మా తెలంగాణలో పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్లు పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, రవిక గుడ్డ ఆమె ఒడిలో పోస్తారు. పుట్టిల్లు నీకు ఉందని చెప్పడమే అది. భర్త పోయిన ఆడదానికి పోయరు. ఆ ఒక్క మాటతో నాకు కథంతా అర్థమైపోయింది. పిల్లలు లేని ఈమె ఆ మేనకోడలిని పెంచింది. ఆ మేనకోడలికి ఒడి నింపుతుంటే, ఇక తనకు ఎప్పుడూ నింపరని తెలిసి గుండె చెదిరింది. ఆమె వెళ్లాక ట్రైనీ పిల్లకు ఇదంతా వివరించాను. ఆ పిల్ల శ్రద్ధగా విని, "మీకు అర్థమైంది మేడం. ఆవిడ ఇంకా చెప్పలేదు కదండీ" అంది. నాకు కాస్త మండింది.

ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో ఆమె అన్నకు కూడా ఆ ఒక్క మాటే చెప్పిందట. అన్నకు కూడా నాకు అర్థమైనట్టే అర్థమైంది. మరుసటి వారం ఆయన మెట్లు ఎక్కుతూనే గట్టిగా చెప్పేశాడు. "శ్రావణంల చిన్న చెల్లెకు ఒడి బియ్యం పోసేదున్నది. అదే పీట మీద దీన్ని గూడ కూసోబెట్టి పోస్త. ఎవడేమంటడో నేను సూస్త. నా చెల్లె నాకు గావాలె." నాకు కళ్ల నీళ్లు వచ్చాయి. ఆయా అప్పటికే ఏ రంగు చీర బాగుంటుందో చెబుతోంది. ఇన్నేళ్లలో తన ఊరిని, తన కులాన్ని, తన ఇంటి ఆడవాళ్లను కాదని ఇలా ముందుకు వచ్చిన అన్నను నేను చూడలేదు. నా లెక్కలో ఆ కేసు అయిపోయింది.

ఆమె తల వంచుకుని, "నీ ఇష్టం అన్నా" అంది. ఆయా టీ ఇచ్చింది. ఆమె చేతిలో గ్లాసు వణికి టీ చీర మీద ఒలికింది. కత్తెర లేకుండా ఆ చేయి వణకడం అదే మొదలు. మేమంతా సంతోషంలో ఉన్నాం, ఎవరం చూడలేదు. ఆ పిల్ల చూసింది. "అక్కా, వచ్చే వారం మనం ఒక్కసారి కూర్చుందామా? ఆ తర్వాతే ఏదైనా" అంది. అన్న మొహం చిన్నబోయింది.

వాళ్లు వెళ్లాక మెట్ల మీదే ఆ పిల్లను ఆపాను. "ఒక అన్న గిట్ల ముందటికి రావాలంటే ఎంత గుండె గావాలెనో తెల్సా నీకు? ఇప్పుడు మల్ల నీకేం గావాలె, నీకేం గావాలె అని ఆమెను అడుగుకుంట కూసుంటే ఆయన మనసు ఇరుగుతది. రేపు పుట్టిల్లే లేకుంటైతది ఆమెకు. గప్పుడు నువ్వు పోస్తవా ఒడి బియ్యం?"

ఆ పిల్ల మెట్టు మీంచి కదల్లేదు. "ఆయన మనసు మంచిదే మేడం. కానీ 'నీ ఇష్టం అన్నా' అంటే అది ఆవిడ ఇష్టం కాదు కదండీ."

"మా దిక్కు గట్లనే అంటరు. ఇష్టమైనా గదే మాట." 

"అయితే ఇష్టమో కాదో నాకు తెలియదండి. తెలియదు కాబట్టే అడుగుతానంటున్నాను." 

ఆ రోజు ఎవరి బస్సు వాళ్లం ఎక్కి ఇళ్లకు వెళ్లాం.

మరుసటి వారం ఆమె ఒక్కతే వచ్చింది. నేను మూలన కూర్చున్నాను, మూతి ముడుచుకుని. ఆ పిల్ల కుర్చీలు పక్కకు జరిపి చాప పరిచింది. "అక్కా, ఒడి బియ్యం గురించి అందరూ మాట్లాడుతున్నారు. మా ఇంట్లో ఇలా చేయరండి. నాకు తెలియదక్కా, మొదటి నుంచి చెప్పండి. ముందు ఏం చేస్తారు?"

ఆమె ఆశ్చర్యపోయింది, ఆ తర్వాత ఉత్సాహం వచ్చింది. తెలియనివాళ్లకు తెలిసింది చెప్పడంలో ఎవరికైనా ఒక సరదా ఉంటుంది. బియ్యానికి పసుపు ఎట్లా పట్టించాలి, కుడుకల్లో ఖర్జూరాలు ఎట్లా పెట్టాలి, పీట ఏ దిక్కుకు వేయాలి, అన్నీ చెబుతోంది. ఆ పిల్ల మధ్యమధ్య అమాయకంగా అడుగుతోంది. "ఒడి అంటే ఇలాగా?" అని చున్నీ తిరగేసి పట్టుకుంది. ఆమె నవ్వింది. "గట్ల గాదు బిడ్డా. నువ్వే ఆడబిడ్డవనుకో. మోకాళ్ల మీద కొంగు పరువు, రెండు చేతులతోని అంచులు పట్టు. ఆ, గట్ల. ఇగ పోసేటోళ్లు వస్తరు. దోసిలి నిండ బియ్యం తీస్కోని, ఇగో..."

ఆమె చేతులు గాలిలో దోసిలి పట్టాయి, వంగి ఆ పిల్ల చున్నీలో లేని బియ్యం పోశాయి. ఒకసారి, మళ్లీ ఒకసారి. వణుకు లేదు. కుట్టుపని చేసిన ఆ వేళ్లు ఎంత నిదానంగా, ఎంత అందంగా కదిలాయో నేను చెప్పలేను. అయినా, మూలన కూర్చున్న నా లోపల ఒక చిన్న భయం కదిలింది. పెళ్లికాని పిల్ల ఒడిలో భర్త పోయిన ఈమె పోస్తోందే అని. ఇంత చదివి, ఇంతమందికి చెప్పి, నాకే ఆ భయం కలగడం నాకు సిగ్గనిపించింది.

సరిగ్గా అదే క్షణంలో ఆమెకు కూడా తట్టినట్టుంది. దోసిలి గాలిలో ఆగిపోయింది. చేతులు గబుక్కున వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది. 

ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. చున్నీ అలాగే పరిచి ఉంచింది. "ఎందుకు ఆపారక్కా?"

"నేను పొయ్యొద్దు బిడ్డా." 

"ఎవరు పోయాలి?" 

"మొగడున్నోళ్లు. నా చేతులతోని పొయ్యొద్దు." 

కింద రోడ్డు మీద ఏదో బస్సు హారన్ కొట్టి పోయింది. ఆ చప్పుడు పోయాక ఆమె చెప్పింది. మేనకోడలి ఒడి బియ్యానికి జాకెట్టు తనే కుట్టింది. రాత్రిపగలు కూర్చుని అంచుకు పూసలు కుట్టింది. ఆ పొద్దున దాన్ని తీసుకుని పిల్ల చేతికి ఇవ్వబోతే వదిన, ఈ అన్న భార్యే, అడ్డం వచ్చి, "ఆడ పెట్టు, నేనిస్త" అంది. తిట్టలేదు, కసురుకోలేదు, మెల్లగానే అంది. ఈమె జాకెట్టు కిటికీలో పెట్టి వంటింట్లోకి వెళ్లి, పరమాన్నం అయ్యేదాకా బయటికి రాలేదు. 

"దాన్ని నేను పెంచిన బిడ్డా. నా చేతులతోని జడలేసిన, అన్నం పెట్టిన. గా దినం నా చేతులు పనికిరాలే."

ఆ పిల్ల మెల్లగా అడిగింది. "అక్కా, మీకు ఒడి బియ్యం పోయించుకోవాలని ఉందా?" 

ఆమె తల అడ్డంగా ఊపింది. "నాకెందుకు? నాకు పోసుడు గాదు బిడ్డా." 

"పోయాలని ఉందా?" 

ఆమె ఏడ్చింది. తనను ఏడ్చేదానిలా రాయవద్దంది కాబట్టి ఎంతసేపో రాయను. చివరికి, "అవ్" అంది. "నా చెల్లె ఒళ్లె నేను పొయ్యాలె."

నేను, అన్న, ఆయా, అందరం ఆమె ఒడి గురించి ఆలోచించాం. ఆమె చేతుల గురించి ఆలోచించలేదు. మాకు ఆచారం తెలుసు కాబట్టి మేం ఎవరం అడగలేదు. నేను లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చాను. ఆ రోజు నేను చేసిన కౌన్సెలింగ్ అంతే.

అన్నకు ఎవరు చెప్పాలన్నది తర్వాతి చిక్కు. "నేనే చెప్త. నువ్వు పక్కకుండు బిడ్డా, మాట్లాడకు" అంది ఆమె.

ఆ రోజు నాకు బాగా గుర్తు. ఆషాఢం చివరి రోజులు, ముసురు పట్టింది. అన్న తడిసిన చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి కూర్చున్నాడు. ఆమె చేతులు కొంగులో పెట్టుకుని, నేల చూస్తూ, ఒక్క గుక్కలో చెప్పేసింది. "అన్నా, నాకు బియ్యం వద్దు. చిన్న చెల్లెకు పోసేనాడు నన్ను గూడ పొయ్యనియ్యి."

ఆయన మొహంలో రంగు పోయింది. ఆమెకు పోస్తానన్నప్పుడు ఉన్న ధైర్యం ఇప్పుడు లేదు. ఆమెకు పోస్తే లోకం నవ్వుతుంది, దాన్ని ఆయన భరించగలడు. ఆమె పోస్తే చిన్న చెల్లె పసుపుకుంకుమలకు ఏమవుతుందో? "బావ లారీ మీద తిరిగేటోడు..." అని మొదలుపెట్టి ఆపేశాడు. ఆమె ఇంకా ముడుచుకుపోయింది. ఇప్పుడు లేచి వెళ్తే ఆయన మళ్లీ రాడు, ఆమె మళ్లీ అడగదు. షట్టరు ఖాళీ అవుతుంది. నా నోటి దాకా మాట వచ్చింది. మా బాపు గొంతుతో, "మూఢనమ్మకాలు పెట్టుకోకు" అని. పళ్లు బిగబట్టి కూర్చున్నాను.

మాట్లాడవద్దని ఆమె చెప్పినా ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడింది, అదీ అన్నతో. "మీకు భయంగా ఉందండీ." 

యాచారం ముసలామె విని లేచి వెళ్లిపోయిన మాట లాంటిదే. ఆయన లేవలేదు. తెల్ల చొక్కా మీద చేయి పెట్టుకుని, "అవ్ బిడ్డా" అన్నాడు. "భయమైతుంది. నాకు ఇద్దరు చెల్లెండ్లు. ఒకదాని బొట్టు పోయినప్పుడు ఈ కండ్లతోని సూసిన. ఇంకోసారి సూడలేను." అంత పెద్ద మనిషి, భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు ఆమె మొదటిసారి తలెత్తి అన్నను చూసింది. "నాకు గూడ భయమే అన్నా. నేను పోసినంక దాని మొగనికి ఏమన్నా అయితే నేను బతుకుతనా? వదిన అన్నదని గాదు. నా మనసుల గూడ గదే ఉన్నది. కొత్త పెండ్లిపిల్లల జాకిట్ ముక్క ముందట పెట్టుకుంటే, నా చేయి తగులుతుంది గదా అని వణుకుతుంది."

ఆ పిల్ల నా వైపు చూసింది. మా ఇద్దరికీ అది కొత్త మాటే. ఇన్ని వారాలు చెప్పని మాట, అన్న తన భయం ఒప్పుకున్నాకే బయటికి వచ్చింది. వదిన మీద కోపం, లోకం మీద కోపం అనుకున్నాం. ఆమె తన చేతులకే భయపడుతోంది.

అన్న మొహం తుడుచుకుని అన్నాడు. "ఒడి చిన్నదానిది. దాన్నే అడుగుదాం." అక్కడే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. ఆమే అడిగింది. అవతలి నుంచి చిన్న చెల్లె గొంతు గదంతా నిండింది. "గిది అడుగుతరానే? మా ఆయన లారీ బ్రేకులు సూస్కోకుంటే ఏమన్నా అయితది గని, నువ్వు బియ్యం పోస్తే అయితదా? నువ్వే ముందుగాల పొయ్యి. గని అక్కా, నా జాకిట్ గూడ నువ్వే కుట్టాలె. ఈడ కుట్టిస్తే సంకలు పట్టేస్తున్నయి." 

అన్న ఏడుస్తూనే నవ్వాడు. ఆమె చేతులు కొంగులోంచి బయటికి వచ్చాయి, ఫోన్ తీసుకోవడానికి.

శ్రావణంలో ఆ కార్యానికి మమ్మల్ని పిలిచారు. ఆ పిల్ల వెళ్లలేదు, క్లయింట్ల ఇళ్లకు వెళ్లకూడదని నియమం. నేను వెళ్లాను. నియమాలు నాకు ఎప్పుడూ కొంచెం వదులుగానే ఉంటాయి. చిన్న చెల్లె అక్క కుట్టిన జాకెట్టు తొడుక్కుని పీట మీద కూర్చుంది. దగ్గరికి పోయి చూస్తే ఒక భుజం దగ్గర కుట్టు కాస్త వంకర పోయింది. "అక్కా, నువ్వు రా" అని చిన్న చెల్లే పిలిచింది. వదిన బియ్యం పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మొహంలో భయం స్పష్టంగా కనిపిస్తోంది. అయినా రెండడుగులు ముందుకు వచ్చి పళ్లెం పెద్ద ఆడబిడ్డ ముందు పట్టింది. నేను ఆ వదినను కూడా ప్రేమించాను ఆ నిమిషంలో.

ఆమె దోసిలి పట్టింది. చేతులు వణికాయి, బాగానే వణికాయి. బియ్యం కొన్ని ఒడిలో పడ్డాయి, కొన్ని చాప మీద చెదిరాయి. చిన్న చెల్లె వంగి, చాప మీద పడ్డ గింజలను కూడా ఏరి తన ఒడిలోనే వేసుకుంది. అన్న దూలం వైపు చూస్తూ నిలబడ్డాడు.

మరునాడు ఆ పిల్ల నా కోసం మెట్ల దగ్గరే ఎదురుచూస్తోంది. జరిగింది చెప్పాను. వణుకు తగ్గిందా అని అడుగుతుందనుకున్నాను. "తిన్నారా ఆవిడ, అందరితో కూర్చుని?" అని అడిగింది. తిన్నదని చెప్పాను, వదిన పక్కనే కూర్చుని, రెండోసారి పరమాన్నం వేయించుకుని తిన్నదని. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని చున్నీతో ముక్కు తుడుచుకుంది. ఎరువుల దుకాణం ఆయన పురుగుమందు ఘాటు అనుకుని ఫ్యాన్ తిప్పాడు.

చేయి ఒక్క రోజులో బాగుపడిందని రాస్తే మీరు నమ్మకండి. ఇంకా చాలా వారాలు వచ్చింది. మొదట పాత పేపర్లు కత్తిరించింది, తర్వాత చీరల ఫాల్స్ కుట్టింది, తర్వాత రోజువారీ జాకెట్లు. కొత్త పెళ్లికూతుళ్ల గుడ్డలు మాత్రం చివరిదాకా పక్కన పెట్టింది. వణుకు వచ్చిన రోజు వచ్చేది. వచ్చినప్పుడు కత్తెర పక్కన పెట్టి, "నా చేయి భయపడుతున్నది" అని పైకే అనుకునేదట. ఆ మాట ఆ పిల్ల నేర్పింది కాదు, ఆమె సొంతంగా పెట్టుకుంది. అన్న మళ్లీ షట్టరు మాట ఎత్తలేదు.

బతుకమ్మ దగ్గర పడుతుండగా ఆ పిల్ల ట్రైనింగు ముగిసింది. చివరి రోజు ఆమె వచ్చింది, ఒక్కతే. ఎప్పటిలా చాప మీద కూర్చోలేదు. మెడలోంచి కొలత టేపు తీసింది.

"సర్టిఫికెట్ ఇచ్చేనాడు చీర కట్టుకుంటవంట గదా, ఆయా చెప్పింది. లెవ్వు, కొలతలు తీస్కుంట."

ఆ పిల్ల కంగారుపడింది. "అక్కా, మేం క్లయింట్ల దగ్గర ఏమీ తీసుకోకూడదండి." 

"నేను ఊకె కుట్టిస్తనన్ననా? పైసలిచ్చి కుట్టించుకో. లైనింగ్ వేస్తే ఎక్కువైతది. పండుగ గిరాకీ మస్తున్నది, వారం ఆగాలె. ఆగుతవా, వేరేటోళ్లకిచ్చుకుంటవా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. దీనికి పుస్తకాల్లో ఏం రాసి ఉంటుందో నాకు తెలియదు. నేను కిటికీలోంచి రోడ్డు మీద పోయే బస్సును చాలా శ్రద్ధగా చూశాను.

"చేతులు లేపు బిడ్డా" అంది ఆమె.

ఆ పిల్ల లేపింది.